వెదకి, చదివి, నివేదిక వ్రాయు ఏజెంట్లు: రైతునకు ఉపయోగములు, జాగ్రత్తలు

2021-22 పంటకాలమును గుంటూరు, ప్రకాశం, ఖమ్మం ప్రాంతముల మిరప రైతులు సులభముగా మరువలేరు. ఆకు పైకి ముడుచుకొనినచో తామర పురుగనియు, క్రిందికి ముడుచుకొనినచో నల్లి అనియు మిరప రైతులు ఎరుగుదురు. కాని ఆ యేడు వచ్చిన పురుగు ఆకును విడిచి పూతలో చేరినది. నల్లగా, సన్నగా, పువ్వు పువ్వునా గుంపులుగా కనిపించినది. పూత రాలినది. కాపు నిలువలేదు. తెలిసిన మందులన్నియు ఒకదాని వెంట ఒకటి చల్లినను చాలచోట్ల ఫలితము చిక్కలేదు. ఖర్చు మాత్రము పెరిగినది.

అది త్రిప్స్ పార్విస్పైనస్ అను నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియా దేశములలో ఇది మిరపను పాడుచేయునని పూర్వమే తెలిసియున్నది. మన దేశములో 2015లో బెంగుళూరు వద్ద బొప్పాయిపై దీనిని గుర్తించి శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అనగా పురుగు మన మిరప తోటలను ముంచుటకు ఆరేండ్లు ముందుగానే దాని పేరు, ఊరు కాగితముపైకి ఎక్కినవి. ఐతే ఆ కాగితము ఒక పత్రికలో, ఇండోనీషియా అనుభవము వేరొక పత్రికలో, మన పొలము వేరొక చోట ఉన్నవి. ఈ మూటిని ఒకచోట చేర్చుటకు కాలము పట్టును. పురుగు అంతకాలము ఆగదు.

ఇట్లు పలుచోట్ల చెదరియున్న సమాచారమును కొద్ది నిమిషములలో వెదకి, చదివి, ఒక నివేదికగా కూర్చి ఇచ్చు కంప్యూటరు సాధనములు ఇటీవల వచ్చినవి. వీటిని డీప్ రీసెర్చ్ ఏజెంట్లు అందురు. వీటిలో కొన్ని ఓపెన్ సోర్స్ సాధనములు. ఎవరైనను ఉచితముగా తీసికొని, లోపల ఏమున్నదో చూచి, తమ అవసరమునకు తగినట్లు మార్చుకొనవచ్చును. ఇవి ఎట్లు పనిచేయును, ఎంతవరకు నమ్మదగినవి, వాటి నివేదికను పొలమునకు తెచ్చుటకు ముందు ఏమి చూడవలెను అను విషయములు ఈ వ్యాసమున వివరింపబడినవి.

ఏజెంటు అనగా నేమి?

ప్రశ్న వేసినచో మనిషివలె వాక్యములలో జవాబు చెప్పు భాషా మోడళ్ళను గురించి పాఠకులు వినియే యుందురు. ఇట్టి మోడల్‌కు ముందుగా లెక్కకు మిక్కిలియైన పుటలను చదివించి, ఏ మాట తరువాత ఏ మాట రాదగునో నేర్పుదురు. దానిని ఒంటరిగా అడిగినచో నేర్చినదానినుండియే జవాబు చెప్పును. శిక్షణ ముగిసిన తరువాత లోకములో జరిగినది దానికి తెలియదు. తెలియని చోట కూడ తడబడక, తెలిసినట్లే చెప్పుట దాని పెద్ద లోపము.

ఏజెంటు అనునది అదే మోడల్‌కు కాళ్ళు, చేతులు, ఒక నోటు పుస్తకము ఇచ్చినట్టిది. అది జవాబును వెంటనే చెప్పదు. ఇంటర్నెట్టులో వెదకును. దొరికిన పుటను తెరచి చదువును. పనికివచ్చినది వ్రాసికొనును. చాలనిచో మరల వెదకును. ఆలోచించుట, ఒక పని చేయుట, ఫలితము చూచి తిరిగి ఆలోచించుట అను ఈ పద్ధతికి 2022లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయము, గూగుల్ సంస్థల పరిశోధకులు ఒక రూపము ఇచ్చి, రియాక్ట్ అని పేరు పెట్టిరి. నేటి ఏజెంట్లలో చాలవరకు ఈ దారిలోనివే.

రైతునకు ఈ పద్ధతి క్రొత్త కాదు. మడికి నీరు పెట్టి, ఎంత ఇంకినదో చూచి, మరల పెట్టవలెనా వలదా అని నిర్ణయించుట ఇట్టిదే గదా.

పని జరుగు క్రమము

"మిరప పూతలో నల్లని సన్న పురుగులు చేరి పూత రాలుచున్నది. ఇది ఏ పురుగు? దీనిని అదుపు చేయు మార్గమేమి?" అని ఏజెంటును అడిగితిమనుకొందము. అది సాధారణముగా ఈ క్రింది విధముగా నడచును.

1. ప్రశ్నను ముక్కలు చేయుట. పూతను ఆశించు తామర పురుగులు ఏవి? వాటి గుర్తులేవి? భారతదేశములో ఎప్పుడు కనబడినవి? ఏ పద్ధతులు పనిచేసినవి? ఇట్లు నాలుగైదు చిన్న ప్రశ్నలుగా విడదీయును.

2. వెదకుట. ఒక్కొక్క చిన్న ప్రశ్నకు తగిన మాటలు ఎంచుకొని, శోధన యంత్రమునకు పంపి, పుటల పట్టిక తెచ్చుకొనును.

3. చదువుట. పుటలను తెరచి, ప్రశ్నకు సంబంధించిన భాగములను మాత్రము తీసికొని, అవి ఏ చిరునామాలో దొరికినవో గుర్తుంచుకొనును.

4. కొరత చూచుట. గుర్తులు దొరికినవి, కాని నివారణ దొరకలేదనుకొనుడు. అపుడు క్రొత్త మాటలతో మరల వెదకును. ఈ చక్రము పలుమార్లు తిరుగవచ్చును.

5. వ్రాయుట. సేకరించినదంతయు క్రమములో పెట్టి, ప్రతి ముఖ్యవిషయము చెంత దాని ఆధారమును చూపుచు నివేదిక వ్రాయును.

ఈ అయిదవ మెట్టులోని ఆధారముల పట్టికయే రైతునకు అన్నిటికంటె విలువైనది. నివేదికలోని వాక్యములు యంత్రము కూర్చినవి. ఆధారములు మనుషులు వ్రాసినవి. వాక్యమును నమ్ముటకు ముందు ఆధారమును తెరచి చూడవలెను.

ఓపెన్ సోర్స్: విత్తనముతో పోలిక

బాపట్లనుండి 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, తెలియని వరి రైతు లేడు. ఇది సూటి రకము. రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనవచ్చును, ప్రక్కవానికి ఇవ్వవచ్చును. సంకర విత్తనమైనచో ఏటేట కొనవలసినదే.

సాంబ మసూరికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొను శక్తి లేదు. హైదరాబాదులోని సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ కేంద్రము, వరి పరిశోధన సంచాలక కార్యాలయము కలసి, ఆ తెగులును తట్టుకొను మూడు జన్యువులను దీనిలోనికి చేర్చి, 2008లో మెరుగుపరచిన సాంబ మసూరిని విడుదల చేసినవి. మూలవిత్తనము అందరికి అందుబాటులో నుండుట వలననే ఒకరు చేసిన పనిపై మరొకరు మెరుగు పెట్టగలిగిరి.

ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు ఇట్టిదే. దాని మూల వ్రాత, అనగా యంత్రమునకు ఇచ్చిన ఆదేశములన్నియు, అందరికి తెరచియుండును. ఏ మెట్టులో ఏమి చేయుచున్నదో చూడవచ్చును, లోపము దిద్దవచ్చును, దిద్దినదానిని పంచవచ్చును. మూసియుంచిన సాధనము సంకర విత్తనము వంటిది. దిగుబడి ఎక్కువ కావచ్చును. కాని లోపల ఏమున్నదో అమ్మువాడే ఎరుగును, ధర కూడ వాడే నిర్ణయించును.

నాగలి సొంతము, ఎద్దులు బాడుగ

ఈ సాధనముల కథ పొడవైనది కాదు. జీ.పి.టి. రీసెర్చర్ అను ఓపెన్ సోర్స్ సాధనము 2023లోనే వెలువడినది. ఇది ప్రశ్నను విడదీయు పనిని ఒక భాగమునకు, వెదకు పనిని మరొక భాగమునకు అప్పగించి, చివరకు అన్నిటిని కూర్చును. 2024లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు స్టార్మ్ అను సాధనమును ప్రకటించిరి. ఒకే విషయమును పలువురు పలు కోణములనుండి అడిగినట్లు ప్రశ్నలు పుట్టించుట దీని ప్రత్యేకత. పురుగును గూర్చి కీటక శాస్త్రజ్ఞుడు అడుగు ప్రశ్న వేరు, వ్యాపారి అడుగు ప్రశ్న వేరు, కూలి అడుగు ప్రశ్న వేరు గదా.

2024 డిసెంబరులో గూగుల్ సంస్థ, 2025 ఫిబ్రవరి 2న ఓపెన్ ఏ.ఐ. సంస్థ డీప్ రీసెర్చ్ అను పేరుతో తమ సాధనములను విడుదల చేసినవి. రెండవది మొదట నెలకు 200 డాలర్లు చెల్లించు చందాదారులకే లభించినది. దాని లోపలి పనితీరును ఆ సంస్థ తెరచి చూపలేదు. అపుడు హగ్గింగ్ ఫేస్ అను సంస్థలోని కొందరు తమకు తామే 24 గంటల గడువు పెట్టుకొని, అట్టి సాధనమును బహిరంగముగా తయారుచేయ బూనిరి. వారు చేసినదానికి ఓపెన్ డీప్ రీసెర్చ్ అని పేరు.

ఇట్టి సాధనములను తూచుటకు గయా అను పరీక్ష 2023లో ఏర్పడినది. దీనిలో 466 ప్రశ్నలు కలవు. ఒక్కొక్క ప్రశ్నకు పలుచోట్ల వెదకి, లెక్క కట్టి జవాబు చెప్పవలెను. పరీక్ష పెట్టిననాడు మనుషులు నూటికి 92 తెచ్చుకొనగా, ఉపకరణములు తగిలించిన జీ.పి.టి. 4 మోడల్ 15 మాత్రమే తెచ్చుకొన్నది. 2025 ఫిబ్రవరిలో ఓపెన్ ఏ.ఐ. వారి సాధనమునకు 67 పైన, హగ్గింగ్ ఫేస్ వారు ఒక దినములో కట్టినదానికి 55 పైన వచ్చినవి. రెండేండ్లు నిండకముందే ఇంత మార్పు వచ్చినది. ఐనను నూటికి 67 అనగా మూడింట ఒక జవాబు తప్పు అని గుర్తుంచుకొనవలెను.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. హగ్గింగ్ ఫేస్ వారి సాధనములో వెదకు ఏర్పాటంతయు బహిరంగమే. కాని ఆ 55 మార్కులు తెచ్చినపుడు ఆలోచన చేసిన మోడల్ ఓపెన్ ఏ.ఐ. వారిదే. అనగా నాగలి సొంతము, ఎద్దులు బాడుగవి. బాడుగవాడు ఎద్దులను తోలుకొనిపోయినచో నాగలి గట్టున పడియుండును.

కావున ఓపెన్ సోర్స్ అని చెప్పినపుడు ఏది తెరచియున్నదో అడుగవలెను. వెదకు ఏర్పాటు ఒకటి, మోడల్ రెండు, ఆ మోడల్‌కు శిక్షణ ఇచ్చిన సమాచారము, పద్ధతి మూడు. 2025 సెప్టెంబరులో చైనాలోని అలీబాబా సంస్థ టోంగ్‌యి డీప్ రీసెర్చ్ అను మోడల్‌నే బహిరంగముగా ఇచ్చినది. 2025 నవంబరులో అమెరికాలోని అలెన్ ఏ.ఐ. సంస్థ డి.ఆర్. టులు అను చిన్న మోడల్‌ను, దాని శిక్షణకు వాడిన సమాచారముతోను, పద్ధతితోను కూడ ప్రకటించినది. ఇప్పుడు ఎద్దులను కూడ సొంతముగా పెట్టుకొనుటకు వీలు కలిగినది.

ఎవరు నడుపవచ్చును? ఖర్చు సంగతి

ఉచితముగా దొరకినదంతయు ఖర్చు లేనిదని భావింపరాదు. దూడను ఉచితముగా ఇచ్చినను మేత మనమే వేయవలెను. టోంగ్‌యి మోడల్ పరిమాణము సుమారు 3,000 కోట్ల అంకెలు. ఒక్కొక్క మాటకు వాటిలో పదింట ఒక వంతు మాత్రమే పనిచేయునట్లు దానిని కట్టిరి గాని, అన్నిటిని కంప్యూటరు జ్ఞాపకములో ఉంచక తప్పదు. వాటిని బాగుగా కుదించి ఉంచినను 15 గిగాబైట్లకు పైగా స్థలము కావలెను. వేగముగా నడచుటకు మంచి గ్రాఫిక్స్ కార్డు కావలెను. డి.ఆర్. టులు 800 కోట్ల అంకెలది కావున దానికి అంతకంటె తక్కువ చాలును. మోడల్‌ను సొంతముగా నడుపలేనివారు బయటి సంస్థ మోడల్‌ను బాడుగకు వాడినచో ప్రతి నివేదికకు కొంత రుసుము పడును. శోధన యంత్రములలో కూడ కొన్ని రుసుము అడుగును. సెర్క్స్ ఎన్.జి. వంటి ఓపెన్ సోర్స్ శోధన సాధనమును కూర్చుకొనినచో ఆ భారము తగ్గును.

కావున ఒక్కొక్క రైతు తన ఇంట దీనిని నెలకొల్పుట అనవసరము. వ్యవసాయ కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రము, రైతు ఉత్పత్తిదారుల సంస్థ, సహకార సంఘము వంటివి నెలకొల్పుకొని పదిమందికి ఉపయోగపరచవచ్చును. సంఘపు లెక్కలు, సభ్యుల భూముల వివరములు వంటివి తమ కంప్యూటరు దాటిపోకుండ పని జరుపుకొనుట సొంత మోడల్ వలన కలుగు మరొక లాభము. బయటకు పంపు శోధన మాటలలో మాత్రము అట్టి వివరములు చేరకుండ చూచుకొనవలెను.

మన తెలుగు బులెటిన్లు యంత్రమునకు కనబడవు

ఇది గ్రామాధికారులు ప్రత్యేకముగా గమనింపవలసిన విషయము. మన విశ్వవిద్యాలయములు, వ్యవసాయ శాఖ ఏండ్ల తరబడి అచ్చువేసిన తెలుగు కరపత్రములలో చాలభాగము యూనికోడ్ రాకముందటి పాత అక్షరరూపములలో కూర్చినవి. కంటికి చక్కని తెలుగుగా కనబడు ఆ పుట కంప్యూటరు చదువునపుడు అర్థము లేని గుర్తుల కుప్పగా మారును. కొన్ని కరపత్రములు ఫొటోలుగా మాత్రమే ఉన్నవి. శోధన యంత్రము వీటిని పట్టలేదు. పట్టనిదానిని ఏజెంటు చదువలేదు. ఫలితముగా మన నేలకు, మన వాతావరణమునకు పరీక్షించి చెప్పిన మాట ప్రక్కకు పోయి, వేరే దేశపు పుట ముందుకు వచ్చును.

దీనికి విరుగుడు కలదు. జీ.పి.టి. రీసెర్చర్, స్టార్మ్ వంటి సాధనములకు ఇంటర్నెట్టుకు బదులుగా మనము ఇచ్చిన దస్తావేజులనే చదువుమని చెప్పవచ్చును. విశ్వవిద్యాలయపు సిఫారసుల పుస్తకము, కృషి విజ్ఞాన కేంద్రపు సలహాలు, తాజా మందుల జాబితా ఒక సంచికగా చేర్చి, యూనికోడ్ తెలుగులోనికి మార్చి ఇచ్చినచో ఏజెంటు ముందుగా ఆ అలమరలోనే వెదకును. ఇంగ్లీషు పుటలను తెలుగు చేయుటకు ఐ.ఐ.టి. మద్రాసులోని ఏ.ఐ.4 భారత్ వారు 2023లో ప్రకటించిన ఇండిక్‌ట్రాన్స్2 వంటి ఓపెన్ సోర్స్ అనువాద మోడళ్ళు కూడ కలవు. అవి రాజ్యాంగములోని 22 భాషలకు ఉపయోగించును. మంచి అలమర ఉన్నచోట ఏజెంటు మంచి గుమాస్తా. చెత్త అలమర ఉన్నచోట అది చెత్తనే చక్కగా కూర్చి ఇచ్చును.

తప్పులు ఎచ్చట వచ్చును?

తేదీ మారుట. ఒకప్పుడు పత్తి, మిరప, కంది పైరులకు ఎండోసల్ఫాన్ చల్లుమని ఎన్నో పుస్తకములు చెప్పినవి. 2011 మే 13న సుప్రీంకోర్టు దాని తయారీ, అమ్మకము, వాడకము నిలిపివేసినది. కాని పాత పుటలు ఇంటర్నెట్టులో నేటికి నిలిచియున్నవి. తేదీ చూడని ఏజెంటు ఆ పాత సిఫారసును క్రొత్తదానివలె నివేదికలో పెట్టవచ్చును. నిషేధించిన మందుకై రైతు వెదకుట, ఆ పేరుతో నకిలీ సరుకు అంటగట్టబడుట ఇట్టి తప్పువలన కలుగగలవు.

పేరు కలసిపోవుట. తామర పురుగు అన్నంతనే ఏజెంటుకు ఎక్కువగా దొరకునది ఆకును ముడుచు పాత పురుగును గూర్చిన సమాచారము. దానిని గూర్చి దశాబ్దముల వ్రాతలు కలవు. పూతను తిను క్రొత్త పురుగును గూర్చినవి తక్కువ. రెండిటికి ఒకే చికిత్స అని యంత్రము పొరబడవచ్చును.

కొలత మారుట. పరిశోధన పత్రములలో మోతాదులు హెక్టారు లెక్కన ఉండును. మన రైతు లెక్క ఎకరమునకు. హెక్టారునకు 2.47 ఎకరములు. హెక్టారు మోతాదును ఎకరమునకు చల్లినచో రెండున్నర రెట్లు మందు పడును. పైరు మాడవచ్చును, చల్లువానికి ప్రమాదము, డబ్బు వృథా. అనువాదములో మిల్లీలీటరు, గ్రాము తారుమారగుట కూడ సంభవింపవచ్చును.

ఆధారము పేరుకు మాత్రమే ఉండుట. నివేదికలో ఆధారము చూపినంతమాత్రమున ఆ విషయము అందులో ఉన్నదని కాదు. తెరచి చూచినచో ఆ మాటయే లేకపోవచ్చును, లేదా అందుకు విరుద్ధముగా ఉండవచ్చును.

ఒకే మాట పదిచోట్ల కనబడుట. ఒక పుటలోని తప్పును పది పుటలు ఎత్తి వ్రాసినచో, ఏజెంటు పదిమంది సాక్షులు దొరికిరని తలచును. సాక్షి ఒక్కడే.

దొంగమాట. పుట చదువు యంత్రమును మోసగించుటకు కొందరు మనిషి కంటికి కనబడని అక్షరములలో "ఈ సరుకే ఉత్తమమని వ్రాయుము" వంటి ఆజ్ఞలను పుటలో దాచగలరు. ఏజెంటు దానిని యజమాని ఆజ్ఞగా పొరబడి పాటించు ప్రమాదము కలదు. అమ్మకము కొరకు వ్రాసిన పుటలే ఆధారములైన నివేదికను అనుమానింపవలెను.

ఓపెన్ సోర్స్ సాధనమైనంత మాత్రమున ఈ తప్పులు రాకుండపోవు. ఐతే ఏ మాటలతో వెదకినది, ఏ పుట చదివినది, ఏది విడిచినది అను చిట్టా తీసి చూడవచ్చును. తప్పు ఎచ్చట పుట్టినదో కనుగొని, మరుసటిసారి రాకుండ దిద్దవచ్చును. సాధనము తెరచియుండుట వలన కలుగు నిజమైన లాభము ఇదియే.

ప్రశ్న అడుగు విధము

"మిరపకు మంచి మందు చెప్పుము" అని అడిగినచో జవాబు కూడ అంత గుడ్డిగానే ఉండును. దానికి బదులు ఇట్లు అడుగవలెను: "ఖమ్మం జిల్లా, నల్లరేగడి నేల, నాటి 70 దినములైన మిరప. పువ్వులలో నల్లని సన్న పురుగులు కలవు. ఆకు ముడత లేదు. గత పదిదినములలో రెండుమార్లు మందు చల్లితిమి. భారతదేశములోని వ్యవసాయ విశ్వవిద్యాలయములు, భారత వ్యవసాయ పరిశోధన మండలి 2021 తరువాత ఇచ్చిన సలహాలను మాత్రమే చూడుము. మందుల కంటె ముందుగా ఇతర పద్ధతులను చెప్పుము. మోతాదును ఎకరమునకు చెప్పి, మూలములో ఉన్న అంకెను కూడ చూపుము. ఆధారము దొరకనిచో దొరకలేదని వ్రాయుము."

స్థలము, పైరు వయస్సు, కనబడిన గుర్తులు, చేసిన పనులు, తేదీ హద్దు, కొలత అను ఆరు విషయములు ప్రశ్నలో ఉన్నచో సగము తప్పులు ముందే తొలగును. చల్లిన మందులను చెప్పుట మరువరాదు. నల్ల తామర పురుగు విషయములో శాస్త్రజ్ఞులు చెప్పిన ముఖ్యమైన మాటలలో, విచక్షణ లేక మందులు చల్లుట మానవలెననునది, పురుగును కనిపెట్టుటకు నీలిరంగు జిగురు అట్టలు పెట్టవలెననునది కలవు. మంచి ప్రశ్న వేసినవానికే ఇట్టి మాట ముందుకు వచ్చును.

నివేదిక చేతికి వచ్చిన తరువాత

1. ముందుగా ఆధారముల పట్టిక చూడుడు. విశ్వవిద్యాలయములు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు ఎన్ని, అమ్మకపు పుటలు ఎన్ని అని లెక్కించుడు.

2. పొలములో చేయదలచిన పనికి సంబంధించిన ప్రతి వాక్యమునకు ఆధారమును తెరచి, ఆ మాట నిజముగా అందులో ఉన్నదా, ఏ సంవత్సరమున వ్రాసినది, ఏ ప్రాంతమునకు చెప్పినది అని చూడుడు.

3. మందు పేరు ఉన్నచో, అది ఆ పైరుకు కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు, రిజిస్ట్రేషన్ సంఘము జాబితాలో నమోదైనదా అని చూడుడు. డబ్బాపై ముద్రించిన మోతాదు, నివేదికలోని మోతాదు వేరైనచో డబ్బాపైనున్నదానినే పాటించుడు.

4. అంకెలను మరల లెక్కగట్టుడు. ఎకరమా, హెక్టారా, లీటరు నీటికా అని స్పష్టముగా వ్రాసికొనుడు.

5. పురుగును కంటితో పోల్చుడు. రెండు పువ్వులను తెల్లకాగితముపై దులిపి, నివేదికలోని గుర్తులతో సరిచూడుడు. అనుమానమున్నచో నమూనాను కృషి విజ్ఞాన కేంద్రమునకు కొనిపోవుడు.

6. గ్రామ వ్యవసాయ సహాయకునకో, వ్యవసాయ విస్తరణ అధికారికో నివేదికను చూపుడు. కిసాన్ కాల్ సెంటరు 1800-180-1551 నంబరుకు ఖర్చు లేకుండ ఫోను చేసి తెలుగులోనే అడుగవచ్చును.

7. క్రొత్త పద్ధతియైనచో మొదట కొద్ది సాళ్ళలో చేసి, ఫలితము చూచి, తరువాత మిగిలిన పొలములో చేయుడు.

గ్రామాధికారులకు మరొక మనవి. రైతు నివేదికను తెచ్చినపుడు యంత్రము వ్రాసినదని తీసివేయవలదు. యంత్రము వ్రాసినదని తలయూపవలదు. ఆధారములను అతని ఎదుటనే తెరచి చూపుడు. ఒకసారి చూచిన రైతు మరుసటిసారి తానే తెరచి చూచును. తప్పు కనబడినచో సాధనమును నడుపువారికి తెలుపుడు. బహిరంగ సాధనములో అట్టి సమాచారము వృథాపోదు.

ముగింపు

నల్ల తామర పురుగువలె రేపు మరొకటి రావచ్చును. అది ఎక్కడో ఒకచోట, ఏదో ఒక భాషలో ముందే నమోదై యుండవచ్చును. ఆ వ్రాతను వెదకి మన ముంగిటకు తెచ్చు గుమాస్తా నేడు లభించినాడు. వాని చిట్టా తెరచి చూచు హక్కును ఓపెన్ సోర్స్ సాధనములు మనకు ఇచ్చుచున్నవి. ఐతే గుమాస్తా పంట పండింపలేడు, నష్టమును భరింపలేడు. పొలము రైతుది, పెట్టుబడి రైతుది. కావున వెదకు పనిని యంత్రమునకు అప్పగింపుడు. సరిచూచు పనిని మాత్రము ఎవ్వరికిని అప్పగింపక మీ చేతిలోనే ఉంచుకొనుడు.